దీపాల వేళ పన్నెండు ప్రశ్నలు

మనిషి నడవగలడో లేదో చూస్తే తెలిసిపోతుందని మన పూర్వులు నమ్మేవారు. అది మూఢనమ్మకమని సముద్రతీర గిడ్డంగుల శాఖ తేల్చింది.

ఆ శాఖ భీమునిపట్నంలో ఉప్పు, గోనెసంచులు, కొబ్బరిపీచు నిలవ చేసే గిడ్డంగుల లెక్కలు చూసుకుంటుంది. నడకతో దానికేం పని అని అడిగేవాళ్లకి అక్కడ ఉద్యోగుల సంక్షేమ విభాగం ఒకటుందని తెలియదన్నమాట. ఆ విభాగానికి డిప్యూటీ డైరెక్టరుగా డాక్టర్ పరాంకుశం గారు వచ్చారు. ఆయనకి డాక్టరు పట్టా కొబ్బరిపీచులో తేమ మీద వచ్చింది. చేరిన కొత్తలోనే ఆయన్ని ఒక పెద్ద వైద్య సదస్సుకి పంపారు, వెళ్లవలసిన మనిషి సెలవులో ఉండటం వల్ల. ఎమ్మెస్ అనే నరాల జబ్బున్నవాళ్ల నడకని డాక్టరు చూసి రాసుకుంటే చాలదు, వాళ్లని పన్నెండు ప్రశ్నలు అడిగి వాళ్ల మాట కూడా వినాలి, రోజెలా గడుస్తోందో వాళ్లకే కదా తెలిసేది అని అక్కడ ఎవరో చెప్పారు. చాలా మంచి మాట. పరాంకుశం గారు దాన్ని శ్రద్ధగా రాసుకున్నారు. తిరుగు రైల్లో అందులో సగం ఎక్కడో జారిపోయింది.

వచ్చీ రాగానే ఉత్తర్వు వెలువడింది. ఇకమీదట రోగి మాటే కొలత. కళ్లు మోసం చేస్తాయి గనక ఉద్యోగి నడకను ఏ అధికారీ చూడరాదు. పొరపాటున చూసినచో చూసినట్లు పరిగణించరాదు. రోగం ఉన్నవారికీ లేనివారికీ మధ్య వివక్ష కూడదు గనక అందరినీ అవే పన్నెండు ప్రశ్నలు అడగవలెను. ఒక్కో ప్రశ్నకి "ఏమీ లేదు" నుంచి "మరీ ఎక్కువ" దాకా అయిదు జవాబులు. అన్నిటికీ "ఏమీ లేదు" అంటే సున్నా, అంటే నిండు నడక. అన్నిటికీ "మరీ ఎక్కువ" అంటే నూరు, అంటే నడక లేదు. పగలంతా రోగి గొంతు అనే విషయం మీద సమావేశాలు జరుగుతుంటాయి గనక ప్రశ్నలు సాయంత్రం ఆరు దాటిన పిమ్మట ఫోనులో అడగవలెను.

ఆ చివరి వాక్యం రాసిన మనిషి ఇంట్లో దీపం పెట్టే ఆడవాళ్లెవరూ లేరనుకోవాలి.

చూడామణి గారింట్లో దీపాల వేళకి మాటలు మారిపోతాయి. బియ్యం అయిపోయాయని అక్కడ ఏ వేళా అనరు, నిండుకున్నాయంటారు. దీపాల వేళైతే అసలు బియ్యం ఊసే ఎత్తరు. ఆకాశంలో తథాస్తు దేవతలు తిరిగే సమయం అది. మనిషి నోట్లోంచి ఏ మాట ఊడిపడితే దానికి తథాస్తు అనేసి పోతారు. కిందికి తొంగి చూసి నిజమా అబద్ధమా అని విచారించరు. వాళ్ల పద్ధతీ పరాంకుశం గారి పద్ధతీ ఒకటేనని ఆవిడకి తరవాత అర్థమైంది.

ఆవిడ భయం ఊరికే పుట్టింది కాదు. భర్త లాంచీ మీద సరంగుగా చేసేవాడు. ఒకనాడు ఆలస్యమవుతోందని గుమ్మంలోంచే "పోతున్నా" అని కేక వేసి వెళ్లాడు. వెళ్లొస్తానని అనలేదు. లాంచీ తిరిగొచ్చింది, ఆయన రాలేదు. తమ్ముడు రైలెక్కుతూ నవ్వుతాలకి "ఇక సెలవే అక్కా" అన్నాడు. అతనూ అంతే. అప్పట్నుంచీ ఆవిడ ఉన్న ఇంటి గుమ్మం దాటేవాళ్లెవరైనా సరే వస్తానని చెప్పి కదలాలి. గ్యాసు బండ తెచ్చినవాడూ చెప్పాడు, కరెంటు మీటరు చూసినవాడూ చెప్పాడు. పెరట్లో పాముని పట్టిన మనిషి బుట్ట చూపించి, ఇది కూడా వస్తానని చెప్పాలామ్మా అని అడిగితే, దానికి మాత్రం మినహాయింపు ఇచ్చింది.

ఆవిడకి మిగిలింది చెల్లెలు వకుళ. తల్లి పోయేనాటికి ఉయ్యాల్లో ఉన్న పిల్ల. ఎత్తుకుని పెంచింది చూడామణే. వకుళ బాగా చదువుకుని గిడ్డంగుల శాఖలో సీనియర్ అసిస్టెంటు అయింది. నలభై నిండకముందే ఎమ్మెస్ పట్టుకుంది. నరాల మీది పూత అక్కడక్కడా చెడిపోయి, మెదడు చెప్పిన మాట కాళ్లకి అందకుండా పోయే జబ్బు. మొదట్లో గోడ పట్టుకుని నడిచింది, తరవాత అక్క భుజం పట్టుకుని నడిచింది, ఆ తరవాత చక్రాల కుర్చీ వచ్చింది. పాత పద్ధతిలో ఏడాదికొకసారి ఒక డాక్టరు వచ్చి, చూసి, కింది అంతస్తు క్వార్టరూ కుర్చీ ఇవ్వవలసిందనీ, సహాయకురాలిగా అక్క వెంట ఉండవచ్చనీ రాసి పోయేవాడు. మంచం మీంచి కుర్చీలోకీ, కుర్చీలోంచి స్నానాల పీట మీదకీ వకుళని దించేవి చూడామణి చేతులే. ఆవిడ చంకల కింద చేతులేసి ఎత్తితే, వకుళ మెడ చుట్టూ చేతులు వేసి, "ఉయ్యాల్లోంచి తీసినప్పుడు ఇంత బరువున్నానా?" అని అడుగుతుండేది.

ఫోను మోగినప్పుడు చూడామణి ఒత్తి నేతిలో తడుపుతోంది. వకుళ స్పీకరు పెట్టింది. అవతల ఒక గొంతు, ఊపిరి తీసుకునే అలవాటు లేనట్టు చదివింది. గత రెండు వారములలో సదరు వ్యాధి మీ నడక సామర్థ్యమును ఏ మేరకు పరిమితం చేసినది?

"మరీ..." అని వకుళ నోరు తెరిచింది.

చూడామణి నెయ్యంటిన చేత్తోనే ఫోను మీద మూత వేసింది. "దీపాల వేళ అదేం మాటే. ఏమీ లేదు అను."

"ఆఫీసువాళ్లు అడుగుతున్నారక్కా."

"వింటున్నది ఆఫీసువాళ్లొక్కరేనా?"

వకుళ ఒకసారి కిటికీలోంచి ఎర్రబడ్డ ఆకాశం వైపు, ఒకసారి అక్క మొహం వైపు చూసింది. తన కుర్చీ ఆఫీసులో ఎవరికి తెలియదు, ఈ ఫోనంతా కాగితాలు నింపడానికే కదా అనుకుంది. ఏమీ లేదండీ అంది. తరవాతి ప్రశ్నలకి మాత్రం అబద్ధం ఆడవలసిన అవసరం కూడా రాలేదు. పరుగెత్తడానికి ఏమైనా అవరోధం కలిగినదా అన్నారు. ఈ మధ్య పరుగెత్తుదామన్న ఆలోచనే రాలేదు గనక అవరోధమూ లేదంది. మెట్లెక్కుటలో ఇబ్బందా? మెట్ల మొహం చూసి ఏళ్లయింది, ఏ ఇబ్బందీ లేదు. ఇంట్లో గోడలు పట్టుకుని నడవవలసి వస్తున్నదా? ఆ అవసరం తీరిపోయి చాలా కాలమైంది. నడుచునప్పుడు తూలిపోవుచున్నారా? కుర్చీకి బెల్టుంది, తూలను. చివరి ప్రశ్న, నడుచునప్పుడు నడక మీదనే మనసు లగ్నం చేయవలసి వస్తున్నదా అని.

"లేదండీ. నా మనసంతా మా అక్క మీదే ఉంది" అంది వకుళ.

చూడామణి దీపం వెలిగించి, తృప్తిగా దణ్ణం పెట్టుకుంది.

వారం తిరక్కుండా తవిటినాయుడు కాగితాలు పట్టుకొచ్చాడు. అతను క్వార్టర్సు కాపలాదారు. మొదటి కాగితం అభినందన. మిగతావాళ్లంతా మెట్ల దగ్గరో పరుగు దగ్గరో కాస్త ఇబ్బంది ఒప్పుకున్నారట. జిల్లా మొత్తం మీద సున్నా సాధించిన ఏకైక ఉద్యోగినిగా వకుళ మేడమ్ గారి నిరవరోధ నడకకు శాఖ గర్విస్తున్నది. రెండోది, నిండు నడక గలవారికి చక్రాల కుర్చీ అనవసరం గనక తిరిగి అప్పగించవలెనని. మూడోది చూడామణి పేరు మీద వచ్చింది. సహాయకురాలి అవసరం తీరినందున నెలాఖరులోగా క్వార్టరు నుంచి శాశ్వతంగా నిష్క్రమించవలెను.

చూడామణి బడికి వెళ్లలేదు. పచారీ పొట్లాల కాగితాలు కూడబలుక్కుని చదువు నేర్చుకుంది గనక, చేతికొచ్చిన అచ్చుకాగితం ఏదైనా అడుగు దాకా చదవందే వదిలేది కాదు. ఆ రోజు మాత్రం "శాశ్వతంగా" దగ్గర ఆగిపోయింది. అక్కడ వేలు పెట్టి అలాగే కూచుంది.

తవిటినాయుడు గుమ్మంలోనే నిలబడ్డాడు. "నానేటి సేసేదమ్మా. అమ్మగోరు నడవలేరు బాబూ, నాను రోజూ సూస్తన్నాను అని సెప్పినాను. సూసినావా, అయితే సూసినందుకు నీకు మెమో ఇస్తానన్నారు బాబుగోరు."

కుర్చీ తోసుకుంటూ వెళ్లబోయి, వెనక్కి తిరిగి, ఎల్లొస్తానమ్మా అన్నాడు. ఆ మాట ఆవిడ అడక్కుండానే వచ్చింది. ఇంతకాలం అందరి చేతా ఆ మాట అనిపించింది. ఇప్పుడు తనే అని గుమ్మం దాటాలి. అని దాటినా, రానివ్వరు. తను లేని మర్నాడు పొద్దున్న వకుళ మంచం మీదే ఉండిపోతుంది.

కుర్చీ ఆ సాయంత్రానికే తిరిగొచ్చింది. దాన్ని తోసుకొచ్చినవాడు పక్క క్వార్టరు జోగారావు, శాఖలో హెడ్ అకౌంటెంటు. తెల్లారకముందే లేచి దీపస్తంభం దాకా చేతులూపుకుంటూ నడిచి వచ్చే మనిషి. కానీ కాఫీ ఎలా ఉందంటే ఏడ్చినట్టుందంటాడు, వాన పడితే ఇదొకటా అంటాడు, ఎండ కాస్తే ఇది మరొకటంటాడు. అలాంటి మనిషికి సాయంత్రం పూట ఫోను చేసి, మీకేమైనా ఇబ్బందా అని ఒకటికి పన్నెండుసార్లు మర్యాదగా అడిగితే ఏం చెబుతాడు? అన్నిటికీ మరీ ఎక్కువన్నాడు. ఒక్క ప్రశ్న దగ్గర మాత్రం, ఫోను లైను బాగాలేదని తిట్టడంలో పడి జవాబు తగ్గించి చెప్పాడు. తొంభై ఎనిమిది వచ్చింది. దాంతో నడక లేనివాడయ్యాడు. వకుళ కుర్చీ ఆయన పేరు మీద రాశారు.

"మా ఆవిణ్ణి నాకు సహాయకురాలిగా వేశారండీ. ఇంట్లో నడవగలిగినవాళ్లెవరుంటే వాళ్లనే వెయ్యాలట, వేరే మనిషినివ్వరట. ఆవిడ ఉత్తర్వు గోడకి అంటించి, నన్ను బీచికి వెళ్లనివ్వడం లేదు" అన్నాడు జోగారావు, నిలబడలేక ఇల్లంతా తిరుగుతూ. నడక లేని మనిషిని ఉన్నచోటి నుంచి కదల్చకూడదని ఇంకో నియమం ఉందనీ, దానివల్ల తన బదిలీ ఆగిపోయిందనీ చెప్పాడు.

"అది మంచిదేగా, బాబాయిగారూ" అంది వకుళ.

"ఏం మంచి? ఈ ఊరి గాలి నాకెప్పుడు పడింది గనక?" కుర్చీని మంచం పక్కకి జరిపి, సీటు దులిపాడు. "మీరు కూచోండమ్మా. రికార్డులో నేను కూచున్నట్టే ఉంటుంది. చూసినా ఎవడూ చూడకూడదుగా."

మర్నాడు అక్కాచెల్లెళ్లు పరాంకుశం గారి దగ్గరికి వెళ్లారు. ఆయన గదిలో బల్లకీ వచ్చినవాళ్లకీ మధ్య ఆకుపచ్చ గుడ్డ వేలాడుతోంది, పెళ్లిలో అడ్డుతెర కట్టినట్టు. తెర వెనకనుంచి గొంతు వచ్చింది.

"సున్నా సాధించిన మేడమ్ మీరేనా? ఇంత దూరం నడిచి వచ్చినందుకు విభాగం తరఫున ధన్యవాదములు."

"కుర్చీలో వచ్చానండి" అంది వకుళ.

"అది మీ స్వేచ్ఛ. నడవగలిగినవారు కూర్చోరాదని మనం ఎక్కడా ఆంక్ష విధించలేదు."

చూడామణి ముందుకు వచ్చింది. బాబూ, ఒక్కసారి ఆ గుడ్డ తొలగించి పిల్లని చూడండి, ఆ పైన మీ ఇష్టం అంది. తెర కదల్లేదు. తరవాత వచ్చిన గొంతులో నిజంగానే బాధ ఉంది.

"తల్లీ, చూడమంటున్నారు. అంటే రోగి మాట నమ్మవద్దంటున్నారు. ఇన్నేళ్లూ రోగుల గొంతు నొక్కింది ఈ చూపులేనమ్మా."

"రోగిని నేనేనండీ. నేనే చెబుతున్నాను, నడవలేను" అంది వకుళ.

"మేడమ్, ఇప్పుడు పగలు. ఎదురుగా ఉండి మీరు చెబుతున్నది అభిప్రాయం. సాయంత్రం ఫోనులో చెప్పినది కొలత. అభిప్రాయములతో కొలతలను సవరించుకుంటూ పోతే శాస్త్రం ఎక్కడికి పోవును?"

మళ్లీ ఎప్పుడడుగుతారని వకుళ అడిగింది. కొలత స్థిరపడుటకు ఒక సంవత్సర కాలం పట్టునని జవాబొచ్చింది. ఆ తరవాత, ఇక మీరు వెళ్లవచ్చు అని వినిపించింది.

చూడామణి కదల్లేదు. "వెళ్లి రండి అనండి బాబూ."

"మరల రావలసిన అవసరం లేదు తల్లీ."

"అయినా అనండి."

తెర వెనక కాగితాలు తిరగేసిన చప్పుడైంది. చాలాసేపు తిరగేశారు. చివరికి, నియమావళిలో అట్టి వీడ్కోలుకు అవకాశం కనబడుట లేదన్నారు.

ఆ నెలలోనే నడక దినోత్సవం వచ్చింది. పాత పద్ధతిలో నడక మీద ఎవరూ ఇంత ఖర్చు పెట్టలేదు గనక ఇది కొత్తగా వచ్చింది. బీచి రోడ్డు మీద ఊరేగింపు, ముందు బ్యాండు, బ్యాండు వెనక జెండా పట్టుకుని జిల్లాలోకెల్లా మేలైన నడక గల ఉద్యోగిని. రానని వకుళ అంటే, రాకపోతే నడకను దాచుకున్నట్లు పరిగణిస్తామన్నారు. సరే, వెళ్లింది. కుర్చీలో కూచుని జెండా పట్టుకుంది. చూడామణిని ఊరేగింపులోకి రానివ్వలేదు, ఆవిడ అవసరం తీరిపోయిన మనిషి. అందుకని కుర్చీని జోగారావు తోశాడు. ఎండ గురించీ బ్యాండు గురించీ గొణుగుతూ, దీపస్తంభం దాకా ఎక్కడా ఆగకుండా, హాయిగా తోశాడు. చాలా రోజులకి నడక దొరికింది పాపం.

అధికారులంతా మొహాలు సముద్రం వైపు తిప్పుకుని చప్పట్లు కొట్టారు. పరాంకుశం గారు వేదిక మీద, ఉత్తర్వు ప్రకారం జనానికి వీపు పెట్టి మాట్లాడారు. తొంభై ఎనిమిది మార్కుల నడక లేమితో బాధపడుచున్న సోదరుణ్ణి సైతం తన వెంట ఇంత దూరం నడిపించుకొచ్చిన మేడమ్ గారి పాదములు శాఖకు ఆదర్శం అన్నారు. మర్నాడు కరపత్రంలో అదే వేశారు. ఫోటో వెయ్యలేదు, ఫోటో కూడా చూపు కిందికే వస్తుందట.

చూడామణి ఆ కరపత్రం చదవలేదు. అప్పటికి ఆవిడ వేరే కాగితం చదువుతోంది. నెలాఖరు దగ్గరపడి, పెట్టె సర్దుకుంటూ, పెట్టె అడుగున పరుద్దామని ఆ పాత ఉత్తర్వు తీసింది. అచ్చుకాగితం గనక చదవకుండా పరచలేకపోయింది. మొదటిసారి ఎక్కడ ఆగిందో అక్కడ వేలు పెట్టి, ఆ కింద చిన్న అక్షరాల్లో ఉన్నది చదివింది. క్వార్టరు ఖాళీ చేయు వ్యక్తి గేటు దాకా నడిచి వెళ్లగలరో లేదో ముందుగా అవే పన్నెండు ప్రశ్నల ద్వారా నిర్ధారించుకొనవలెను. వెనకటికి ఎవరో పింఛనుదారు ఖాళీ చేస్తూ చేస్తూ గేటు దగ్గర కూలబడి, అక్కడే కొన్నాళ్లు ఉండిపోయాడట.

ఆవిడ పైకి చదువుతుంటే వకుళ కుర్చీ తిప్పుకుని దగ్గరికొచ్చింది. జోగారావు బాబాయిగారి మాట గుర్తుందా అంది. నడక లేనివాళ్లని కదల్చకూడదు కదా.

చూడామణికి అర్థమైంది. "దీపాల వేళ నా నోటితోనే అనాలా, నడవలేనని?"

"అనాలి."

"అంటే, పైవాళ్లు సరేనన్నారనుకో. నా కాళ్లు నిజంగా పోయాయనుకో. అప్పుడు నిన్నెవరే దించేది?"

వకుళ నవ్వబోయి, అక్క మొహం చూసి మానేసింది.

తరవాతి మూడు రోజులూ చూడామణి నానా తిప్పలూ పడింది. పొద్దున్న పూట ఫోను చెయ్యమని ఆఫీసుకి మనిషిని పంపింది. పగలు రోగి గొంతు మీద సమావేశాలున్నాయని కబురొచ్చింది. దీపం పెట్టకపోతే దీపాల వేళ రాదేమోనని ఒక సాయంత్రం పెట్టకుండా చూసింది. వేళ దాని మానాన అది వచ్చేసి, ఇల్లు చీకటిపడింది. జవాబు వకుళ చెబితే సరిపోదా అంది. ఎవరి నడక వారే చెప్పవలెనని ఉత్తర్వు. దేవతలకి ముందుగా చెప్పుకుంటే పోలేదా అని వకుళ అంటే, వాళ్లు వినేది అన్న మాటే గానీ సంజాయిషీ కాదంది.

ఫోను వచ్చిన సాయంత్రం పెట్టె గుమ్మం పక్కనే ఉంది. చూడామణి గోడకి ఆనుకుని కింద కూచుంది. వకుళ ఫోను ఆవిడ మొహం దగ్గర పట్టుకుంది. అదే గొంతు, ఊపిరి తీసుకోకుండా. గత రెండు వారములలో మీ నడక ఏ మేరకు పరిమితమైనది?

అలవాటు కొద్దీ "ఏమీ" దాకా వచ్చేసింది.

అవతల గొంతు ఆగింది. మొదటిసారి ఊపిరి తీసుకున్నట్టు వినిపించింది. చూడామణి పెట్టె వైపు చూసింది. వెనక ఒక గుమ్మంలోంచి ఒకరు పోతున్నా అని వెళ్లడం చూసింది. ఒకర్ని సాగనంపడానికి స్టేషనుకి వెళ్లి ఒక్కతే తిరిగొచ్చింది. ఇప్పుడు ఈ గుమ్మం తనని అడుగుతోంది.

"మరీ ఎక్కువ" అంది.

అన్నాక కాళ్లు కదిపి చూసుకుంది. ఉన్నాయి. రెండో ప్రశ్నకీ అదే చెప్పింది, మళ్లీ కదిపి చూసుకుంది. పరుగు, మెట్లు, నిలబడటం, తూలిపోవడం, అన్నిటికీ అదే. ఒక్కో జవాబుకీ గొంతు కాస్త గట్టిపడింది. వకుళ అక్క పాదం మీద చెయ్యేసి ఉంచింది, ఏమైనా అయితే ముందు తనకే తెలియాలన్నట్టు. ఆఖరికి, ఖాళీ చేయువారి కోసం కొత్తగా మార్చిన ప్రశ్న వచ్చింది. ఈ గృహము నుండి గేటు వరకు నడిచి వెళ్లుట మీకు ఏ మేరకు కష్టము?

చూడామణి ఆ ప్రశ్నకి కాళ్లు చూసుకోలేదు.

"మరీ ఎక్కువ నాయనా. అంతకన్నా పెద్ద జవాబేదైనా ఉంటే అది రాసుకో" అంది.

కాగితాలు ఈసారి త్వరగానే వచ్చాయి. తవిటినాయుడు ఇంట్లోకొచ్చి, నేల మీద కూచుని, చూడామణి చేత చదివించుకుని విన్నాడు. నూటికి నూరు సాధించిన చూడామణి గారికి బొత్తిగా నడక లేనందున, ఆమెను సదరు క్వార్టరు నుంచి ఎట్టి పరిస్థితులలోనూ కదల్చరాదు. ఆమెకు కొత్త చక్రాల కుర్చీ మంజూరు చేయడమైనది. అదే గృహమందు జిల్లాలోకెల్లా మేలైన నడక గల వకుళ మేడమ్ గారు నివసించుట అదృష్టం గనక, అక్కగారిని ఎత్తుట, దించుట, తోసుకొని తిరుగుట మున్నగు బాధ్యతలకు వారినే సహాయకురాలిగా నియమించడమైనది. ఒకే కప్పు కింద సున్నాను, నూరును చేర్చగలిగిన తొలి శాఖగా మన శాఖ నిలిచినది.

"అమ్మగోరు మిమ్మల్ని ఎత్తాలా?" అన్నాడు తవిటినాయుడు. కాసేపు ఆలోచించి, "నాను సూడనులెండి" అన్నాడు.

జోగారావు మాత్రం నొచ్చుకున్నాడు. నూటికి నూరా, నాకే తొంభై ఎనిమిది వేశారు, ఎవరిని అడగాలండీ ఇది అని రెండు రోజులు తిరిగాడు.

కొత్త కుర్చీ వచ్చిన సాయంత్రం చూడామణి చెల్లెల్ని అందులో కూచోబెట్టి బీచి రోడ్డు మీదకి తీసుకెళ్లింది. ఎదురుగా జీపొచ్చి ఆగింది. పరాంకుశం గారు దిగి, నియమం ప్రకారం మొహం సముద్రం వైపు తిప్పుకున్నారు.

"వకుళ మేడమ్, మీ అక్కగారిని ఎంత సునాయాసంగా తోసుకువస్తున్నారు" అన్నారు అలలతో.

"బరువే లేదండీ" అంది వకుళ కుర్చీలోంచి.

చూడామణి తోసుకుంటూ ముందుకు సాగింది. జీపు కదలబోతుండగా ఆగి, వెనక్కి తిరిగి, "వెళ్లి రండి బాబూ" అంది. ఆయన ఏమన్నారో గాలికి వినబడలేదు.

ఇంటి ముందు వాలు ఎక్కుతుంటే ఎడమ మోకాలు కలుక్కుమంది. చూడామణి ఉన్నచోట ఆగిపోయింది. పడమటి వైపు ఆకాశం ఎర్రగా ఉంది.

"ఏమైందక్కా?"

"ఏమీ లేదు."

కుర్చీని లోపలికి తెచ్చి, చేతులు కడుక్కుని, ఒత్తి వేసి దీపం వెలిగించింది. కళ్లు మూసుకుని దణ్ణం పెట్టింది. రోజూ కన్నా చాలాసేపు పెట్టింది. చివరికి, పక్కింటికి వినబడకూడనంత చిన్న గొంతుతో అంది.

"అది ఆఫీసుకి చెప్పిన మాట స్వామీ. మీకు చెప్పింది కాదు."

వెనకనుంచి, కుర్చీలోంచి, వకుళ అంది.

"తథాస్తు."